నెమ్మది వాగు

పదకొండు పేర్లు నా సంచిలో ఉన్నాయి. పన్నెండో పేరు కొండ మీద ఉంది.

శుక్రవారం సాయంత్రంలోగా పన్నెండు మంది చేరకపోతే సర్వే, పటాల విభాగానికి తాళం వేస్తామని మా ప్రిన్సిపాల్ చెప్పి ఆరు వారాలైంది. ఈ ఆరు వారాల్లో లోయలో నేను ఎక్కని బడి మెట్టు లేదు. నేలను చదివే విద్య అంటే పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వారు. "రోడ్డు పక్కన కర్ర పట్టుకుని నిలబడతారే, అదా ఎజే?" అన్నారు. ఎజే అంటే మా దగ్గర పంతులమ్మ. తల్లిదండ్రులు నవ్వలేదు, నన్ను చూసి జాలిపడ్డారు. మా లోయలో ఇంటికో లాయరున్నాడు, వాదించుకోవడానికి మాత్రం ఒక్కటే కోర్టు. అయినా అందరికీ ఇంకో లాయరే కావాలి. జిల్లా కేంద్రంలో పటాలు చదివే ఉద్యోగాలు నాలుగు, మూడేళ్ళుగా ఖాళీ. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు మా కొండల బొమ్మలు తీసి పంపుతూనే ఉంటాయి. అవి ఆ ఖాళీ కుర్చీల ముందు వచ్చి పడుతుంటాయి, విప్పేవాళ్ళు లేని ఉత్తరాల్లా.

అలాంటి ఒక బొమ్మను పోయిన మంగళవారం ఈ కొండ కింది ఊరి బడి గోడ మీద వేసి చూపించాను. వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి వచ్చి, మంచుకొండ అంచున ఒక నీలం చుక్క మీద వేలు పెట్టింది. "ఇది నిరుడు లేదు, ఎజే. మా జడలబర్రెలు నిరుడు ఇక్కడే మేశాయి," అంది. పేరు సెజిమ్. పదిహేడేళ్ళు. నా ఇరవై ఏళ్ళ పాఠాల్లో, బొమ్మలోంచి నేల మీదికి దిగి నడిచిన మొదటి పిల్ల. పాత బొమ్మలు వెతికి చూస్తే ఆ నీలం చుక్క ఏడాదిగా కొద్దికొద్దిగా పెరుగుతోంది. కరిగిన మంచు నిలిచిన చెరువు. దాని కిందనే నెమ్మది వాగు మొదలవుతుంది.

సంతకం కోసం ఆమె తండ్రి మరాత్ దగ్గరికి వెళితే, "మా అమ్మనడగండి," అని చేతులు కడిగేసుకున్నాడు. మా దగ్గర తొలి మనవరాలు అవ్వ సొత్తు. పెంచింది ఆవిడ, మాట ఆవిడది. మరాత్‌కి తీరిక కూడా లేదు. వాగు నోటి దగ్గర, కొండ విడిచిపెట్టిన చదును మీద, నలభై ఇళ్ళ కొత్త వీధి వస్తోంది. అందులో ఒకటి అతనిది.

గురువారం పొద్దెక్కాక నేనూ ఒమోర్ అగాయూ కొండెక్కాం. మా దగ్గర అయ్యవారిని అగాయ్ అంటాం. నాకీ విద్య నేర్పింది ఆయనే. డెబ్బై ఏడేళ్ళు. రావద్దంటే వినలేదు. భుజాన చెక్క ముక్కాలి, దాని మీద పెట్టే యంత్రం ఎప్పుడో మ్యూజియంకి పోయింది, ముక్కాలి మాత్రం ఆయనతోనే ఉండిపోయింది. చంకలో తోలు గొట్టం. అందులో ఆయన కుర్రతనంలో గీసిన పటం.

పొగమంచు మమ్మల్ని ముందు మోకాళ్ళ దాకా, తర్వాత మెడ దాకా తీసుకుంది. పొగమంచులో నడుస్తుంటే నేను ఎక్కడికీ పోవడం లేదనీ, కొండే మెల్లగా నాలోంచి నడిచి వెళ్ళిపోతోందనీ అనిపిస్తుంది. కాలి కింద గడ్డి ఉందని కాలికి తెలుసు, కంటికి తెలియదు. చిన్నప్పుడు జ్వరంలో కూడా ఇలాగే ఉండేది. దుప్పటి మడతలే లోయలు, నా మోకాలే కొండ, నేనెక్కడో దూరంగా కూర్చుని వాటికి పేర్లు పెడుతూ ఉండేదాన్ని. కుడి పక్క లోతులో వాగు మోత. కనపడదు, కాని చేతికర్రలా మా వెంటే ఉంది.

"ఇంత మోత చేస్తోంది, పేరేమో నెమ్మది వాగు," అన్నాను.

"పేరు చెప్పినవాళ్ళనడగాలి," అన్నాడు అగాయ్. తోలు గొట్టాన్ని ఇంకో చంకలోకి మార్చుకున్నాడు.

"ఇంకెంత దూరం అగాయ్?"

"కూతవేటు."

మా భాషలో దూరాన్ని కొలిచే మాట కూతలోంచే పుట్టింది. ఒక మనిషి పిలుపు ఎంత దూరం పోతుందో అంత. కిలోమీటరు తర్వాతెప్పుడో వచ్చి ఆ మాటను పాత చొక్కాలా తొడుక్కుంది. అగాయ్ మొదటి రోజు మొదటి పాఠం ఎప్పుడూ అదే. "గొంతు చేరని చోటికి పటం చేరదు. ముందు అడగండి, తర్వాత కొలవండి." నేను కూడా నా పిల్లలకు అదే చెబుతాను. ఆ వాక్యం వెనక ఏదో దాగుందని మాత్రం ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా అనుకోలేదు.

పొగమంచులోంచి ముందు పొగ వాసన వచ్చింది, తర్వాత ఉన్ని గుడారం వచ్చింది, ఆ తర్వాత గుమ్మం ముందు తోలుతిత్తిలో గుర్రప్పాలు చిలుకుతూ సెజిమ్ వాళ్ళ అవ్వ బురుల్ అపా. పెద్దావిడని అపా అంటాం. డెబ్బై అయిదేళ్ళ మనిషి. చిలకడం ఆపలేదు.

"వచ్చారూ, కొలతలవాళ్ళు! కొండ నిన్నటికీ ఇవాళ్టికీ ఎదిగిందేమో చూసిపోదామనా?"

"బాగున్నావా వదినా?" అన్నాడు అగాయ్.

"నాకేం. నువ్వే, ఉన్న రెండు కాళ్ళూ పోయాయని ఇంకో మూడు మోసుకొస్తున్నావు. మనిషిని చేసుకోకుండా దాన్నే చేసుకున్నావటగా?"

లోపల్నించి కిసుక్కున నవ్వు. "అపా!" అంటూ సెజిమ్ బయటికొచ్చింది.

"ఏమే, అబద్ధమా?"

"అబద్ధం కాదులే," అన్నాడు అగాయ్, ముక్కాలిని గుడారానికి ఆనించి. "ఇది ఎదురు మాట్లాడదు వదినా. అందుకని."

ఏటా ఈ దారిన పోతూనే ఉండేవాడట ఆయన. గుమ్మం దాటి లోపల కూర్చోవడం మాత్రం ఇదే మొదటిసారట. అది సెజిమ్ నాకు తర్వాత చెప్పింది.

రొట్టె, మీగడ, టీ. గిన్నెలో సగమే పోసి, రెండు చేతులతో అందించింది బురుల్ అపా. గుడారం లోపల వెలుతురు నీళ్ళడుగున ఉన్నట్టుంది. ఉన్నిగోడ అవతల వాగు మోత. సెజిమ్ నా పక్కన చేరి గుసగుసగా, "ఎజే, నిన్న అడుగులు లెక్కపెట్టుకుంటూ దిగాను. ఇక్కణ్ణుంచి కింద కొత్త వీధికి హద్దు మేకులు కొట్టిన చోటికి సరిగ్గా రెండు కూతవేట్లు. ఇవాళ అక్కడ పునాది పండగ. గొర్రెలు కోస్తున్నారు. ఊరంతా అక్కడే," అంది.

నేను కాగితం తీశాను. మాట మొదలుపెట్టకముందే బురుల్ అపా అందుకుంది.

"విన్నానమ్మాయ్. నీకొక తల తక్కువైంది. మందలో లెక్క తగ్గినవాళ్ళు పొరుగు మందలోకే చూస్తారు."

"తల కాదపా, చూపు. ఈ పిల్లకున్న చూపు నేనింతవరకు ఎవరిలోనూ చూడలేదు."

"చూపుంటే కుట్టుపని నేర్చుకుంటుంది. డాక్టరవుతుంది. కొండల వెంట కర్ర పట్టుకుని తిరగడానికి చూపెందుకు, గుర్రానికి లేదా?"

"ఇప్పుడు కర్ర లేదు అపా," అంది సెజిమ్. "కంప్యూటరు ముందు కూర్చుంటే మన గుడారం పైకప్పు కూడా కనిపిస్తుంది. నిజం. అందులో చూసి ఏ చెరువు పెరుగుతోందో, ఏ కొండ జారుతోందో చెప్పొచ్చు. జిల్లాలో అది చెప్పేవాళ్ళు ఒక్కరూ లేరు."

"ఒక్కరూ లేరంటే అర్థమేంటే? తెలివున్నవాళ్ళెవరూ పోలేదని."

"ఎవరూ చెప్పలేదని, అపా. నాకే పోయిన మంగళవారం దాకా అలాంటి చదువు ఉందని తెలీదు."

బురుల్ అపా నా గిన్నె తీసుకుంది. టీ పోసింది. సగం దగ్గర చెయ్యి ఆగుతుందని చూశాను. ఆగలేదు. అంచుదాకా, పొర్లేదాకా నింపి నా ముందు పెట్టింది. మా దగ్గర చుట్టానికి సగమే పోస్తారు. మళ్ళీ మళ్ళీ పోయించుకుంటూ కూర్చోమని దాని అర్థం. నిండు గిన్నె పెట్టారంటే, ఇది తాగి ఇక లేవమని.

"పటాలు అబద్ధాలాడతాయమ్మాయ్," అంది మెల్లగా. ఈసారి ఆ గొంతులో వెటకారం లేదు. "అబద్ధం నేర్చుకోడానికి పిల్లను పంపను."

ఆ మాట నాకు తగల్లేదు. మనుషులు దేన్నయినా అంత స్థిరంగా ద్వేషిస్తున్నారంటే దానితో వాళ్ళకేదో చుట్టరికం ఉంటుంది. అది తెలియడానికి నాకు నలభై మూడేళ్ళు పట్టింది. కాని అగాయ్‌కి తగిలింది. ఆయన గిన్నె కింద పెట్టాడు. తోలు గొట్టం మూత విప్పి, పటాన్ని నేల మీద పరిచిన ఉన్ని తివాచీ మీద విప్పాడు. నాలుగు మూలలా నాలుగు రొట్టె ముక్కలు బరువు పెట్టాడు. యాభై ఆరేళ్ళ కిందటి కాగితం. కొండల గీతలు వేలిముద్రల్లా చుట్లు తిరిగి ఉన్నాయి.

"నేను గీసింది. కాళ్ళు పుళ్ళు పడేలా తిరిగి గీసింది. ఇందులో ఒక్క అబద్ధం చూపించు వదినా. చూపిస్తే ఈ ముక్కాలిని నీ పొయ్యిలో పెట్టేస్తా."

"పెట్టకు. తడిసిన కట్టె, పొగొస్తుంది."

అలా అంటూనే ఆవిడ ముందుకు వంగింది. కళ్ళజోడు లేదు. వేలు మాత్రం కాగితం మీద ఎరిగిన దారిలో పోయినట్టు పోయింది. ఈ గుడారం నిలబడ్డ చోటు, మేత బీళ్ళు, కింద మరాత్ ఇల్లు. వాగు గీతను మాత్రం తాకలేదు. దాని దగ్గరికి రాగానే వేలు పైకి లేచి, గీతను దాటి, అవతల దిగింది. నిప్పురవ్వను దాటినట్టు. మూడుసార్లు చూశాను. మూడుసార్లూ అంతే.

మనసుకి కూడా ఇలాంటి పటమొకటి ఉంటుంది. అందులో చాలా పేర్లు భయపడినప్పుడు పెట్టినవే. నా పెళ్ళి నిలబడ్డ మూడేళ్ళని నేను 'చదువుకునే రోజులు' అంటాను. ఎవరైనా అడిగితే అదే చెబుతాను. చెప్పీ చెప్పీ ఇప్పుడు నాకు కూడా ఆ ఇల్లు గుర్తుకు రాదు, పుస్తకాలే గుర్తుకొస్తాయి.

"సెజిమ్," అంది బురుల్ అపా, తల ఎత్తకుండా. "నీ ఏడుగురు తండ్రుల పేర్లు చెప్పు."

మా పిల్లలకు మాటలు రాగానే నేర్పేది అదే, ఎక్కాల్లాగ. తండ్రి, తండ్రికి తండ్రి, అలా ఏడు తరాలు. అవి రానివాణ్ణి దిక్కులేనివాడంటారు.

"ఇప్పుడా? ఇదేం పరీక్ష అపా?"

"చెప్పవే."

సెజిమ్ చేతులు వెనక్కి కట్టుకుంది, చిన్నపిల్లలా. "మరాత్. అసాన్. తష్కిన్. జానిబెక్. ఎల్‌చి..."

"ఆగు. వెనక్కి రా."

"జానిబెక్."

"ఇంకా వెనక్కి."

"తష్కిన్."

"ఆ."

ఆవిడ వేలు పటం మీద దిగింది. సరిగ్గా వాగు గీత మీద, అగాయ్ అందమైన చేతిరాతలో 'నెమ్మది వాగు' అన్న చోట.

"అదీ దీని పేరు."

తష్కిన్ అంటే మా భాషలో వరద. కట్టలు తెంచుకుని ఊళ్ళ మీదికొచ్చే నీళ్ళు.

అందరం విన్నాం. సెజిమ్ మాత్రం పెదవులతో ఒకసారి చప్పుడు లేకుండా ఆ మాట అని చూసుకుంది.

"మా మామగారి పేరు," అంది బురుల్ అపా. "నేననకూడదు. మామ పేరు కోడలి నోట రాకూడదు, పేరులో ఉన్న మాట కూడా రాకూడదు. మామ పేరు తోడేలైతే, మందలో తోడేలు పడినా 'ఆ అరిచేది వచ్చిందండీ' అనాలి. నీకు తెలిసిందేగా అమ్మాయ్."

నాకు తెలుసు. మా అమ్మ జీవితమంతా ఎర్ర రంగుని 'ఆ రంగు' అనే అంది.

"నాకప్పుడు పందొమ్మిది. కొత్త కోడలిగా తలకి తెల్లగుడ్డ కట్టి పదకొండు రోజులు. నీళ్ళకని వాగు దగ్గరికి దిగాను. ఇతనక్కడ, మూడుకాళ్ళ దాని వెనక నుంచి తల ఎత్తి, 'చెల్లీ, ఈ వాగు పేరేంటి?' అన్నాడు. మామగారు గుర్రం మీద అక్కడే ఉన్నాడు, పదడుగుల్లో. నా బుర్రలో ఆ పేరొక్కటే మోగుతోంది. నాలిక్కి వచ్చిందంటే నా బతుకైపోయినట్టే. భయంతో దాన్ని తిరగేసి పారేశాను. 'నెమ్మది వాగు' అన్నాను. ఇతను రాసుకున్నాడు. మామగారు పెద్దగా నవ్వి, గుర్రాన్ని తిప్పుకుని పోయాడు. మర్యాద తెలిసిన కోడలొచ్చిందని సాయంత్రానికల్లా అన్ని గుడారాల్లోనూ చెప్పాడు."

ఉన్నిగోడ అవతల వాగు హోరు.

"అమ్మాయ్, ఆ ఇంట్లో నాకు దొరికిన మొదటి మెప్పు అది. దాన్నెలా తిరిగిచ్చేస్తాను?"

"మరి మిగతావాళ్ళు?" అన్నాను. "ఊళ్ళో అందరికీ అసలు పేరు తెలుసుగా?"

"తెలిసిన మగాళ్ళు పోయారు. నా తర్వాత వచ్చిన కోడళ్ళంతా నా మాటే పట్టుకున్నారు. పిల్లలు మాటలు నేర్చేది తల్లి దగ్గరేగా. తర్వాత ఇతని కాగితం అచ్చయి బడికొచ్చింది. నా భయాన్ని నా పిల్లలు పాఠంగా చదివారు." ఆవిడ నవ్వింది. ఆ నవ్వు చాలా దూరం నుంచి నడిచొచ్చినట్టుంది. "మామగారు పుట్టిన రోజున ఈ వాగు పొంగి కింద పదహారు గుడారాలు ఊడ్చుకుపోయిందట. అందుకే ఆయనకా పేరు. అందుకే దీనికీ ఆ పేరు."

"కింద అంటే ఎక్కడ అపా?" సెజిమ్ అడిగింది. దానికి జవాబు తెలుసని దాని గొంతులోనే ఉంది.

"మేకులు కొట్టారే, అక్కడ."

అగాయ్ పటం మీంచి చూపు తీయలేదు. మాతో కాకుండా ఆ కాగితంతో అన్నట్టు అన్నాడు.

"నాకు తెలుసు. కొత్త కోడల్ని పేర్లు అడక్కూడదు. మాకు చెప్పిన మొదటి నియమమే అది. పశువుల కాపర్లనడగండి, ముసలాళ్ళనడగండి, కోడళ్ళని మాత్రం వద్దు, వాళ్ళు చెప్పేవి పేర్లు కావు, మర్యాదలు. తెలుసు. గుర్రం మీద పెద్దాయన ఉన్నాడని కూడా తెలుసు. ఆయన్నే అడగాలి."

"మరెందుకడగలేదు అగాయ్?"

"నాకా మనిషి గొంతు వినాలనిపించింది."

బురుల్ అపా తలగుడ్డ అంచు సర్దుకుంది, సర్దుకోవాల్సిందేమీ లేకపోయినా. సెజిమ్ నా వైపు చూసింది. నేను దానివైపు చూడలేదు. ఆ క్షణంలో ఆ ఇద్దరి ముసలితనం పొగమంచులా పైకి లేచిపోయి, అక్కడ ఒక కుర్రవాడు, నీళ్ళ బకెట్లతో ఒక కొత్త కోడలు, వాళ్ళిద్దరి మధ్య ఒక తప్పు మాట మిగిలాయి. వాళ్ళిద్దరూ కలిసి చేసింది ప్రపంచంలో అదొక్కటే, ఆ రెండు మాటలు. దాన్నే ఆయన అంత అందంగా రాసి, ఇన్నేళ్ళు చంకలో పెట్టుకు తిరిగాడు. ముందు అడగండి, తర్వాత కొలవండి. ఇన్నాళ్ళూ ఆ వాక్యాన్ని బోధ అనుకున్నాను. అది ఒప్పుకోలు.

"ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదపా?" అన్నాను.

ఆవిడకి కోపం వచ్చింది. మంచిదే, కోపంలో ఆవిడ మళ్ళీ మా మధ్యకి వచ్చింది.

"ఎవరడిగారు? పోయిన శరత్కాలంలో ఒకడొచ్చాడు. జోరీగలా మోగే యంత్రం ఎగరేసి నా గుర్రాలన్నిటినీ బెదరగొట్టాడు. చేతిలో ఇతని కాగితమే. 'నెమ్మది వాగు! భేష్, ఇళ్ళకి మంచి చోటు' అన్నాడు. టీ తాగమన్నా ఆగలేదు, ఇంకా తొమ్మిది లోయలున్నాయట, వాడొక్కడేనట. నన్నడిగాడా? నా కొడుకునడిగాడా? అడిగినా వాడికి నేను నేర్పిన పేరే తెలుసు. మేకులు కొట్టిన రోజు నుంచి నాకు నిద్ర లేదమ్మాయ్. నోరు తెరుస్తాను, మాట రాదు. మామగారు పోయి నలభై ఏళ్ళయింది. అయినా గుర్రం మీద అక్కడే ఉన్నాడు."

"అపా," అంది సెజిమ్, "నేననొచ్చుగా? నేను కోడల్ని కాదు."

"నువ్వు ఈ ఇంటి రక్తానివి. నీకేం అడ్డు?"

"అయితే నేను రాస్తా."

అది నా సంచిలోంచి పెన్సిలు తీసుకుంది. పటం ముందు మోకాళ్ళ మీద కూర్చుని అగాయ్ మొహంలోకి చూసింది. ఆయన జేబులు తడుముకుని, అరిగిపోయిన రబ్బరు ముక్క తీసి తానే దాని చేతిలో పెట్టాడు. సిరాతో రాసిన అక్షరాలు చెరగవు కదా. సెజిమ్ ఒక సన్నటి గీతతో వాటిని కొట్టేసి, పైన రాసింది. తష్కిన్ వాగు. రాసేటప్పుడు నాలిక పంటి కింద పెట్టుకుంది. ఆ అక్షరాలు బాగాలేవు. ఆ పటంలో అంతకంటే నిజమైనవి కూడా లేవు.

బురుల్ అపా నా ముందున్న నిండు గిన్నె తీసుకుంది. లేచి వెళ్ళి గుమ్మం బయట గడ్డిలో ఒంపేసింది. వచ్చి కూర్చుని మళ్ళీ పోసింది. సగమే.

"ఏదీ, ఆ కాగితం," అంది.

చదవలేదు. ఎక్కడ పెట్టాలని మాత్రం అడిగింది. వెనకటి బడిలో నేర్చిన గుండ్రటి అక్షరాలతో, పొయ్యిలో ఊదినట్టు ఊపిరి ఒక్కో అక్షరం మీదా వదులుతూ సంతకం పెట్టింది. పైన, విద్యార్థి పేరు దగ్గర, సెజిమ్ తన పేరు రాసుకుంది. పన్నెండు. ఆరు వారాలుగా నాలో బిగుసుకుని ఉన్నదేదో వదులైంది. కళ్ళు మూసుకున్నాను. గుడారం వెచ్చగా ఉంది. ఎక్కడో కింద పునాది పండగ మేళం, లౌడుస్పీకరులో, పొగమంచు దూది మధ్య నుంచి. అంత బాగా వినపడుతోందేమిటని కూడా అనుకున్నాను. పొద్దుటి నుంచి ఒక్కసారీ వినపడలేదే.

"ఎజే," అంది సెజిమ్.

కళ్ళు తెరిచాను. అది గుమ్మంలో నిలబడి ఉంది, తల ఒక పక్కకి వాల్చి, వింటూ.

"ఎజే, వాగు వినపడటం లేదు."

విన్నాను. నిజమే. పొద్దుటి నుంచి చేతికర్రలా వెంట ఉన్న మోత లేదు. మోత ఉన్న చోట గుంట పడినట్టు నిశ్శబ్దం. ఆ గుంటలోంచే కింది మేళం అంత స్పష్టంగా పైకొస్తోంది.

అగాయ్ లేవబోయి, లేవలేక, ముక్కాలిని పట్టుకున్నాడు. "పైన ఎక్కడో నీళ్ళు ఆగాయి. దారికి ఏదో అడ్డం పడింది, అది తెగితే అంతా ఒక్కసారే వస్తుంది."

"మామగారు చెప్పేవాడు," బురుల్ అపా మాట చాలా చిన్నగా వచ్చింది. "వాళ్ళమ్మ చెప్పిందట. ఆ రోజు కూడా ముందు వాగు నెమ్మదించిందట."

నేను ఫోను తీశాను. ఇక్కడ కొండ అడ్డమని తెలిసీ తీశాను. తల ఎత్తేసరికి గుమ్మం ఖాళీగా ఉంది. పొగమంచులో దడదడమని అడుగులు, కిందికి. దగ్గరి దారిన. దగ్గరి దారి వాగు అడుగునుంచే పోతుంది.

"సెజిమ్!"

"రెండు కూతవేట్లే ఎజే!" అప్పటికే ఆ గొంతు చాలా కిందనుంచి వచ్చింది.

బురుల్ అపా నన్ను పక్కకి తోసుకుని బయటికొచ్చింది. అంచు దాకా వెళ్ళింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ వీపు చూస్తున్నాను. ఒకసారి ఊపిరి పీల్చింది, మాట రాలేదు. ఎడమ పక్కకి, పదడుగుల దూరానికి, ఒకసారి చూసింది, అక్కడ ఎవరో గుర్రం మీద ఉన్నట్టు. తర్వాత చూపు తిప్పుకుంది.

"తష్కి...న్!"

యాభై ఆరేళ్ళు నోట్లో పెట్టుకున్న పేరు. అది పేరుగా రాలేదు, అర్థంగా వచ్చింది. కొండ దాన్ని అందుకుని అవతలి కొండకిచ్చింది. ఆవిడ మళ్ళీ పిలిచింది, మళ్ళీ, మామగారి పేరునే పట్టుకుని, తలగుడ్డ జారి నెరిసిన జడలు రెండూ ముందుకు పడుతుంటే.

మనిషి కూత కూతవేటు దూరమే పోతుంది. అక్కణ్ణుంచి ఆ మాటను ఇంకెవరైనా అందుకోవాలి. నా చేతిలో పన్నెండో పేరు తడి సిరాతో ఉంది. ఆ పేరుగల పిల్ల ఎండిన వాగులో పరిగెడుతోంది.

ఊపిరి బిగబట్టి విన్నాను.

కింద మేళం ఇంకా మోగుతూనే ఉంది.